చౌడప్ప తెంచిన కొస

ధర్మవరంలో చౌడప్ప అనే చీరల డిజైనరు ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, కంటికి కొత్తగా కనబడిందల్లా కావాలనే గుణం అతణ్ని కుదురుగా ఉండనిచ్చేది కాదు.

వాళ్ళ తాతా తండ్రీ మగ్గం నేసినవాళ్ళే. చిన్నప్పుడు చౌడప్పా నేశాడు. ఇప్పుడు మాత్రం చీర అంచుకూ కొంగుకూ కావలసిన బొమ్మలను కంప్యూటరులో గడులు గడులుగా వేసేవాడు. వాటిని పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే, మగ్గం మీది జకార్డు యంత్రం చదువుకుని, ఏ పోగు పైకి లేవాలో ఏది కిందే ఉండాలో చూసుకునేది.

అతని కంప్యూటరు పాతది. బొమ్మను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు ఉందే, అది మరీ మొండిది. అన్నం దగ్గర మారాం చేసే పిల్లాడిలా, ఏది పెట్టినా మొహం తిప్పుకునేది. చివరికి అనంతపురం కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే అతని బావ హంపన్న వచ్చి, రకరకాలవి పెట్టి చూసి, ఒక సాదా లినక్స్‌ను అందులో ఎక్కించాడు. లినక్స్ అంటే కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాం. ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా కూర్చి ఇస్తారు. కొన్ని మెరుపులతో వస్తాయి, కొన్ని మాట్లాడకుండా పని చేసుకుపోతాయి. హంపన్న పెట్టింది రెండో రకం.

"చౌడా, ఈ కార్డుతో మాట్లాడే డ్రైవరు ప్రోగ్రాం ఇందులోనే కుదురుకునింది. దీన్ని కదిలించొద్దు," అన్నాడు హంపన్న.

"చూసేదానికి బూడిద పూసినట్టుంది కదా బావా."

"నువ్వు దీంట్లో చీర డిజైను చేస్తావా, దీన్నే చీర మాదిరి కట్టుకుంటావా?"

చౌడప్ప నవ్వాడు. చాలా రోజులు ఆ బూడిద రంగు తెర మీదే పని చేశాడు. అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. మొరాయించకపోవడమే దాని తప్పయింది. ఏ ఇబ్బందీ పెట్టని వస్తువు విలువ మనకు ఎప్పుడు తెలిసింది గనక!

ఆ రోజుల్లోనే షావుకారు తిప్పేస్వామి ఒక చీర పని తెచ్చాడు. అంచు నిండా హంసలు, కొంగులో మామిడి పిందెలు. దాన్ని నేయాల్సింది ఎదురు వీధిలోని ఓబుళమ్మ. భర్త పోయాక ఆ మగ్గాన్నే నమ్ముకుని బతుకుతున్న మనిషి. వయసు మీద పడింది. చెయ్యి నెమ్మదించిందని షావుకారు ఆమెకు పడుగు, అంటే చీరకు కావలసిన నిలువు పోగులు, ఇవ్వడం దాదాపు మానేశాడు.

"సోమవారం పొద్దున్నకు డిజైను ఆమె చేతిలో ఉండాల. అంచు తేలితే గానీ ఏ రంగు పోగు యాడ అతకాలో తెలీదు. పెళ్ళివాళ్ళు ఆగరు," అన్నాడు తిప్పేస్వామి. "ఓబుళమ్మకు ఇదే ఆఖరు అవకాశమప్పా. ఇది తప్పితే ఇంక ఆ మగ్గానికి నేను పడుగు ఇయ్యను."

పట్టు పడుగును గుడ్డలో చుట్టి ఓబుళమ్మ ఇంట్లో పెట్టి వెళ్ళాడు.

చౌడప్ప హంసలు సగం వేశాడు. అంతలో ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. అందులో ఎవరో కొత్త లినక్స్ ఒకటి చూపిస్తున్నాడు. కిటికీలు నీళ్ళలో ఆకుల్లా కదులుతున్నాయి. ఒకదాని వెనక ఇంకొకటి అద్దంలోంచి చూసినట్టు కనబడుతోంది. చౌడప్ప తన తెర వంక చూసుకున్నాడు. ప్రాణం ఉసూరుమంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా!

"చేతిలో పని పెట్టుకుని ఇప్పుడెందుకు?" అంది భార్య ఉలిగమ్మ.

"దీంట్లో అయితే పని ఇంకా తొందరగా అయితాది," అన్నాడు చౌడప్ప. అది అబద్ధమని అతనికీ తెలుసు.

సగం డిజైనును పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టాడు, అంతవరకు మేలు. కొత్త లినక్స్‌ను ఎక్కించేటప్పుడు అది మర్యాదగానే అడిగింది, పాతదాన్ని పక్కన ఉంచమంటావా, తుడిచెయ్యమంటావా అని. పాతదానితో ఇంకేం పని అనుకుని తుడిచెయ్యమన్నాడు.

ఆ రోజంతా పండగలా గడిచింది. కిటికీలు కదిలాయి, రంగులు మెరిశాయి. హంసలు మాత్రం ఒక్కటీ పెరగలేదు. మర్నాడు ఆ కొత్త లినక్స్ అప్‌డేట్ పేరుతో తనను తాను సరికొత్తగా చేసుకుంటానంటే సరేనన్నాడు. కంప్యూటరు ఆరి, మళ్ళీ వెలిగింది. తెర మాత్రం వెలగలేదు. నల్లటి తెర మీద ఒక మూల చిన్న గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది.

చౌడప్ప ఆర్పి వెలిగించాడు. అదే గీత. తీగలు పీకి గుచ్చాడు. అదే గీత.

ఫోన్‌లో అడిగితే తలో మాట చెప్పారు. కార్డు తయారుచేసినవాళ్ళ డ్రైవరే పెట్టమని ఒకడు, దాని జోలికే పోవద్దని ఇంకొకడు. నీ లినక్సే తప్పు, మాది పెట్టుకో అని మరొకడు. చౌడప్ప నెట్ సెంటరుకు పోయి అవన్నీ దించుకొచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కించాడు. ఒకదాంట్లో తెర నిండా చారలు. ఒకదాంట్లో బొమ్మ వచ్చింది గానీ సగం పక్కకు జారిపోయింది. ఇంకొకటి చక్కగా లేచింది. అమ్మయ్య అనుకుని డిజైను తెరిచాడు. హంస మెడ దగ్గర తెర బిగుసుకుపోయింది.

"మీ బావకు ఫోన్ చెయ్యి," అంది ఉలిగమ్మ.

"కదిలించొద్దన్నాడే. ఏ మొహంతో చెయ్యాల?"

తిండి సహించలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. ఎవరైనా వాకిట్లో దగ్గితే షావుకారేమోనని తలుపు చాటుకు పోయేవాడు. ఓబుళమ్మ రోజూ ఒకసారి వచ్చేది. లోపలికి రాకుండా గడప దగ్గర కూర్చునేది.

"అయితాందా నాయనా?"

"అయితాంది అత్తా. కొంచెం ఉండాది."

ఆమె నమ్మి వెళ్ళిపోయేది. ఆ నమ్మడమే అతణ్ని కోసేది. వీధి వీధంతా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడులో ఒక్క మగ్గం తగ్గితే ఎవరికి తెలుస్తుంది? చౌడప్పకు మాత్రం మిగతావేవీ వినబడేవి కావు. ఆగిపోయిన ఆ ఒక్కటే చెవిలో మోగేది.

ఆదివారం ఇక దాచలేక, నిజం చెప్పేద్దామని ఓబుళమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె నీళ్ళకు పోయినట్టుంది. మగ్గం ఒక్కటే ఉంది. పోయినసారి నేసిన చీరను కోసి తీశాక మిగిలిన పాత పడుగు కొసలు మగ్గంలోనే వరుసగా ఉన్నాయి. వాటిని ఆమె చిక్కు పడకుండా ముడివేసి, పైన గుడ్డ కప్పింది.

చౌడప్ప ఆ గుడ్డ ఎత్తి చూసి అక్కడే కూలబడ్డాడు. నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన ఏ బిడ్డకైనా తెలిసిన సంగతి అది. పాత కొసలు అప్పటికే మగ్గం కళ్ళలోంచి, అంటే పోగు దూర్చే సన్నటి రంధ్రాల్లోంచి, దూరి ఉంటాయి. కొత్త పడుగు పోగులను వాటికే ఒక్కొక్కటిగా అతికి, నెమ్మదిగా లాగుతారు. పాత కొస కొత్తదాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. కొత్తది అతికిందని తేలేదాకా పాతది తెంచరు. తెంచితే మగ్గమంతా మళ్ళీ మొదటినుంచి దూర్చుకోవాల్సిందే. తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, తన వేళ్ళతో తానే అతికాడు. అయినా కంప్యూటరు ముందు కూర్చునేసరికి అంతా మరిచి, బాగున్న కొసను తన చేత్తో తానే తెంచుకున్నాడు.

ఇంటికి పరుగెత్తి హంపన్నకు ఫోన్ చేశాడు.

"ఇన్ని దినాలు చెప్పకుండా ఏం చేస్తాంటివి?" అన్నాడు హంపన్న. తిట్టినా బాగుండేదనిపించింది చౌడప్పకు. "సరే, విను. నేను పెట్టిన పాతదే నెట్ సెంటరులో ఇంకో ఖాళీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకో. ముందు డిస్కు ముట్టుకోవద్దు. ఆ పెన్‌డ్రైవ్ మీదనే నడిపించి చూడు. తెర నిలబడుతుందా? నిద్రపుచ్చి లేపితే లేస్తుందా? నీ డిజైను తెరిచి పైకీ కిందికీ జరిపితే బిగుసుకోకుండా ఉంటుందా? ఈ మూడూ అయినాకనే లోపల పెట్టు. దాంతోపాటు వచ్చే డ్రైవరు చాలు, ఇంకేదీ ఎక్కించొద్దు. మెరుపులన్నీ ఆర్పెయ్."

చౌడప్ప అట్లాగే చేశాడు. బూడిద రంగు తెర లేచింది. నిద్రపుచ్చితే పడుకుంది, లేపితే లేచింది. హంస మెడ ముందుకూ వెనక్కూ జరిగింది. చౌడప్పకు ఏడుపొచ్చింది. దాన్ని డిస్కు మీద పెట్టి, ఇక కుర్చీలోంచి లేవకుండా మిగతా హంసలూ పిందెలూ వేశాడు.

సోమవారం ఎండెక్కాక పని ముగిసింది. పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పట్టుకుని చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు. ఓబుళమ్మ వాకిట్లో షావుకారు స్కూటరు ఉంది. గుడ్డలో చుట్టిన పడుగును తిప్పేస్వామి దాని వెనక కట్టుకుంటున్నాడు.

"షావుకారూ, తెచ్చినా," అన్నాడు చౌడప్ప రొప్పుతూ.

"పొద్దున్నే వచ్చి చూసినా. లేదు. వేరే వాళ్ళకు మాటిచ్చేసినా. ఆ డిజైను కూడా వాళ్ళే చేసుకుంటారు." స్కూటరు వెళ్ళిపోయింది.

ఓబుళమ్మ గడపలో నిలబడి ఉంది. ఏమంటుందోనని చౌడప్ప తల ఎత్తలేకపోయాడు. ఆమె కొంగుతో అతని ముఖం మీది చెమట తుడిచింది.

"నీ కంప్యూటరు చెడిందని ఉలిగమ్మ చెప్పింది. బాగైందా నాయనా?" అంది.

తప్పు చేసినవాడికి దెబ్బ కన్నా జాలి ఎక్కువ నొప్పి పెడుతుంది. చౌడప్ప అక్కణ్నించి ఇంటికి పోలేదు. నేరుగా షావుకారు ఇంటికి నడిచి వెళ్ళాడు. ఆలస్యం ఓబుళమ్మది కాదని, తనదని, తాను ఏం చేశాడో అంతా వరుసగా చెప్పాడు. షావుకారు కరగలేదు. చౌడప్ప మర్నాడూ పోయాడు, ఆ మర్నాడూ పోయాడు. ఓబుళమ్మ మగ్గానికి పడుగు ఇచ్చేదాకా ఇంకెవరి కోసమూ మీకు డిజైను వేయనన్నాడు. చౌడప్ప గీతలో ఉన్న కళ ఊళ్ళో ఇంకొకరి దగ్గర లేదని షావుకారుకు తెలుసు. గొణుక్కుంటూనే ఒక పడుగు ఇచ్చాడు. అది హంసల చీరంత పెద్ద పని కాదు, మామూలు గడుల అంచు.

ఈసారి డిజైను గడువుకు ముందే అందింది. పెన్‌డ్రైవ్ తీసుకుంటూ ఓబుళమ్మ అడిగింది.

"ఈ మధ్య కొత్తదేమన్నా వచ్చిందా నాయనా, ఆ పెట్టెలోకి?"

"వస్తానే ఉంటాయి అత్తా. నేను మాత్రం పాతదాంట్లోనే చేసినా."

ఆమె నవ్వి, మగ్గం మీది గుడ్డ తీసింది. పాత కొసల ముడి విప్పి, మొదటి కొత్త పోగును ఒక కొసకు అతికింది. చౌడప్ప ఎదురుగా కూర్చుని పోగులు అందించాడు. మూడో రోజు సాయంత్రానికి వీధిలో ఆగిపోయిన ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది.

నీతి: కంటికి నచ్చినది కాదు, పనిలో నిలిచేదే మంచిది, కొత్తది నిలుస్తుందని తేలేదాకా పాత కొసను తెంచుకోకూడదు, ఎందుకంటే ఆ కొసకు మన పని ఒక్కటే కాదు, మనల్ని నమ్మినవాళ్ళ బతుకు కూడా అతుక్కుని ఉంటుంది.