ఫ్లెక్సీలో లేని పిల్ల

గున్నయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాడు వెంట నడవాలి. హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్న మా అందరికీ ఈ అలవాటు తెలిసిందే.

మొన్న వేసవిలో మా తవిటినాయుడు అడిగాడు. ఇప్పుడు ఆ హైస్కూలుకు అతనే హెడ్మాస్టరు. "మాస్టారూ, పదో తరగతి నూటికి నూరు శాతం పాసయింది. మండలంలో మాదే పైచెయ్యి. అయినా ఆరో తరగతిలో పిల్లల్ని చేర్చేవాళ్ళు లేరు. ఇలాగే తగ్గితే బడి ఎత్తేసి పక్క ఊళ్ళో కలిపేస్తారట. ఈ జనానికి ఇంకేం కావాలండీ?"

పాపం, గొంతులో బాధ నిజమైనదే. చంకలో ఫ్లెక్సీ చుట్ట ఉంది. అందులో పాసైన పిల్లల ఫొటోలు, వాళ్ళందరికన్నా పెద్దగా నాయుడి ఫొటో.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. "అది కూడా పట్టుకురా" అన్నారు. నేనూ వెంట వెళ్ళాను.

నీలవేణి ఇంటి ముందు ఆగారు. ఆవిడా, పెద్దకూతురు దమయంతీ అరుగు మీద జీడిపిక్కలు ఒలుస్తున్నారు. చిన్నది భార్గవి ఐదో తరగతి అయి ఇంట్లో ఉంది. మమ్మల్ని చూసి నీలవేణి గబగబా చాప పరిచి మంచినీళ్ళు తెచ్చింది. నాయుడు ఫ్లెక్సీ విప్పాడు.

"చూడమ్మా, మా పదో తరగతి పిల్లలంతా ఇందులో ఉన్నారు. ఒక్కరు తప్పలేదు. నీ చిన్నదాన్ని మా బడిలోనే వెయ్యి."

ఆవిడ సంబరంగా వంగి ఒక్కో ఫొటో మీదా వేలు పెట్టుకుంటూ పోయింది. చివరిదాకా చూసి మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇందల మా పెద్దగుంట ఏది బాబూ?"

నాయుడు ఫ్లెక్సీ అంచులు సర్దసాగాడు. దమయంతి జీడిసొనకి తోలూడిన వేళ్ళు ఓణీలో దాచుకుంది. లెక్కల్లో వెనకబడిందనీ, పరీక్షకు పంపితే శాతం పడిపోతుందనీ దసరా సెలవులయ్యాక ఆ పిల్లని ఇంటికి పంపేశారట. ఓపెన్ స్కూల్లో పరీక్షకు కట్టుకోమన్నారట. నీలవేణి చెబితే సంగతి నాకు అప్పుడే తెలిసింది, ఒళ్ళు మండిపోయింది. రానిది నేర్పడానికి కాకపోతే బడి దేనికి? ఆడపిల్లని గుమ్మం బయటికి గెంటేసి, నూటికి నూరని ఊరంతా చాటింపు వేసుకుంటారా? సిగ్గుండక్కర్లేదూ!

నీలవేణికి మాత్రం కోపం రాలేదు. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది. భార్గవిని దగ్గరికి లాక్కుని చేతులు జోడించింది.

"ఇదీ లెక్కల్లో మందమే బాబూ. మద్దిలో ఇంటికి పంపీసినట్టయితే ఇప్పుడే సెప్పీండి. గుంటకి ఆశ పెట్టకుండా ఉంటాం."

నాయుడు ఫ్లెక్సీ చుట్టేసి గబుక్కున లేచాడు. "పైవాళ్ళు అడిగేది శాతమేనండీ, నేనేం చెయ్యను? పదండి మాస్టారూ, ఇంకో ఇంటికి వెళ్దాం" అన్నాడు.

మాస్టారు లేవలేదు. చెప్పులు మెట్టు కిందే ఉన్నాయి. ఆయనే దమయంతి పక్కకి జరిగి కూర్చుని, ఓ జీడిపిక్క చేతిలోకి తీసుకున్నారు.

"చిన్నదాన్ని అడగడానికి వచ్చావు కదా నాయుడూ," అన్నారు. "పెద్దదాన్ని అడిగావా?"