జిలానీ గారు వేయని పుస్తకం

"నా కథలు అచ్చువేసేవారు ఒక్కరూ దొరకరేం మాస్టారూ?" అని హైమావతి అడిగింది. తెనాలిలో కథలు రాయాలనుకునేవాళ్ళు సుందరేశం మాస్టారి దగ్గరికే వెళ్ళేవారు. ఆరేళ్ళుగా ఆమెకూ ఆయనే గురువు. నాలుగైదుసార్లు తిరగరాసిన పన్నెండు కథల కట్ట ఆమె ఒళ్ళో ఉంది.

మాస్టారు కండువా భుజాన వేసుకుని, "ఆ కట్ట తీసుకుని రా అమ్మా, జిలానీ గారిని చూసివద్దాం" అన్నారు.

హైమావతికి కాళ్ళు నేలమీద నిలవలేదు. ముప్ఫై ఏళ్ళుగా కొత్తవాళ్ళ మొదటి పుస్తకాలను వెతికి మరీ వేసిన మనిషి జిలానీ గారు. ఆమె రాయడం నేర్చుకున్నది ఆ పుస్తకాలు చదివే. ఆయనతో ఏం మాట్లాడాలో దారంతా మనసులో కూర్చుకుంటూ నడిచింది.

జిలానీ గారి పుస్తకాల దుకాణం ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఇద్దరు మనుషులు పుస్తకాల కట్టలు తెచ్చి అందులోకి విసురుతున్నారు. దుకాణం మూసేస్తూ, ఉన్న సరుకంతా పాతకాగితాల వ్యాపారికి ఇచ్చేశారట. జిలానీ గారు గుమ్మంలో నిలబడి, మడతపడిన అట్టలను అరచేత్తో సరిచేసి అందిస్తున్నారు.

మాస్టారిని చూసి ఆయన నవ్వబోయి నవ్వలేకపోయారు. హైమావతి చేతిలోని కాగితాలు కనబడగానే, అలవాటుకొద్దీ చేయి చాచారు. నిలబడే మొదటి కథంతా చదివారు. జేబులోంచి పెన్ను తీసి ఒకచోట అక్షరదోషం దిద్దారు కూడా.

"బావుందమ్మా. దుకాణం ఉంటే నేనే వేసేవాణ్ణి."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. "మీరు వేసినవన్నీ చదివానండీ" అంది.

ఆయన ముఖం వెలిగింది. "అన్నీనా! ఎక్కడ కొన్నావు తల్లీ? ఇక్కడ నిన్నెప్పుడూ చూసినట్టు లేదే!"

ఆ మాటలో నింద లేదు. తన పుస్తకం ఎక్కడిదాకా వెళ్ళిందో తెలుసుకోవాలన్న ముచ్చట మాత్రమే ఉంది. అందుకే ఆమె అబద్ధం చెప్పలేకపోయింది.

"కొనలేదండీ. ఎవరో స్కాన్ చేసి ఫోనుకి పంపితే..."

జిలానీ గారు పెన్ను తిరిగి జేబులో పెట్టుకున్నారు. "పోనీలే తల్లీ, చదివావు కదా" అని, కథల కట్టను జాగ్రత్తగా ఆమె చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఆటో కదలబోతుంటే హైమావతి పరుగున అడ్డం వెళ్ళింది. "ఒక్క పుస్తకం ఇవ్వండి, కొనుక్కుంటాను."

"విడిగా అమ్మమమ్మా, తూకానికే" అన్నాడు ఆటోలోని మనిషి.

తిరుగుదారిలో ఆమె అంది: "ఫోనులో చదువుతున్నానని తెలిసినప్పుడే మీరు నన్ను తిట్టి ఉండాల్సింది మాస్టారూ."

"ఏ మొహం పెట్టుకుని తిట్టనమ్మా? వేసిన ప్రతి పుస్తకమూ ఆయన నాకు ఊరికే పంపేవారు. బావుందని ఉత్తరం రాసేవాణ్ణి" అన్నారు మాస్టారు.