మూత లోపలి అంకె

అడిగిన ప్రశ్నకి నోటితో జవాబు చెప్పే అలవాటు నాగుల్ మీరా మేస్త్రికి లేదు. బెజవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషి. శిష్యుల్లో ఎవరైనా ఏదైనా అడిగితే "ఊఁ" అని ఊరుకుంటాడు. జవాబుకి తగిన బండి షెడ్డుకి వచ్చేదాకా ఆగుతాడు. అది మర్నాడే రావచ్చు, ఆర్నెల్లకి రావచ్చు. వచ్చాక కూడా ఇదే నీ జవాబని వేలు పెట్టి చూపించడు. తెలుసుకున్నవాడు తెలుసుకుంటాడు, లేనివాడు స్పానర్లు తుడుచుకుంటూ ఉండిపోతాడు.

ఆ రోజు పొద్దున్నే అడిగినవాడు ఏసుపాదం. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో మంచి పని ఉంది, ముక్కు మీద కోపం ఉంది. ముందురోజే వీడు ఒక టాక్సీ ఆయన చొక్కా పట్టుకుంటే పక్క షెడ్డువాళ్లు వచ్చి విడిపించారట. తప్పు టాక్సీ ఆయనదే, అందులో అనుమానం లేదు. "గురువుగారూ, అన్యాయం చూస్తే కోపం రావడం తప్పాండీ? నన్ను అందరూ తిట్టేవాళ్లే" అన్నాడు. మేస్త్రి "ఊఁ" అన్నాడు.

నేనక్కడ ఎందుకున్నానంటే, నా పాత స్కూటరు కోసం. నెల రోజులుగా దానికి బంకులో అన్నిటికంటే ఖరీదైన పెట్రోలు పోయిస్తున్నాను, అయినా మునుపటి కంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ లాగడం లేదని నా ఫిర్యాదు. మేస్త్రి నవ్వాడు. "ఖరీదైన పెట్రోలంటే బలమనుకున్నారా సారూ? బలం కాదండీ, ఓర్పు. ఇంజన్లో పిస్టన్ పైకొస్తా పెట్రోలుని నొక్కుద్ది. ఎంత నొక్కినా, నిప్పురవ్వ పడేదాకా అంటుకోకుండా ఆగాల. ఆ ఆగే గుణానికే నంబరు పెట్టారు, తొంభై ఒకటి, తొంభై అయిదు అని. ఆక్టేనంటారే, అదే. మీ స్కూటరు నొక్కేదే అంతంత మాత్రం. దానికి అంత ఓర్పుతో పనేముంది?" గట్టిగా నొక్కే ఇంజన్లో ఆగలేని పెట్రోలు పోస్తే ఏమవుతుందని అడిగాను. "పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే అంటుకుని దాని నెత్తి మీద కొడుద్ది. బండిని లాగాల్సిన బలం బండినే తింటది" అన్నాడు. నాకు కాస్త సిగ్గేసింది. ఏసుపాదం మాత్రం ఇవన్నీ ఎప్పుడో విన్నవాడిలా స్పానర్ల పెట్టెలో ఏదో వెతుక్కుంటున్నాడు.

పదకొండింటికి ఆ కారు వచ్చింది. జర్మనీ కారు, నల్లది, మన ముఖం మనకి కనిపించేంత మెరుపు. వెనక సీట్లోంచి దిగినాయన మిర్చి ఎగుమతి చేసే పూర్ణచంద్రరావు గారు. గారు అంటున్నది అలవాటు కొద్దీ. ఆ పూట చూసింది చూశాక ఆ మాట ఆయన పేరుకి తగిలించాలంటే నాకు నోరు రావడం లేదు, కాబట్టి ఇక అనను. ముందు సీట్లోంచి దిగినవాడు డ్రైవరు అంకమ్మరావు. యాభై అయిదేళ్ల మనిషి, తెల్ల చొక్కా, పదకొండేళ్లుగా ఆ ఇంట్లోనే పని. తలుపు తీసి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, మళ్లీ వేయడానికి కూడా అనుమతి కావాలన్నట్టు.

బండి ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టకటకమంటోంది, డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు. లాగడం కూడా లేదు. షోరూం వాళ్లు చూసి ఇంధనంలో ఏదో తేడా ఉన్నట్టుందన్నారు. ఆ ఒక్క మాట పూర్ణచంద్రరావుకి సరిపోయింది. "వీడు పెట్రోలు తీసి అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడు. నువ్వు పెద్ద మేస్త్రివని అందరూ అంటారు. ఆ మాట నీ నోటితో చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. అంటే బాగుచేయించుకోవడానికి రాలేదు, సాక్ష్యం కోసం వచ్చాడు. ఆ సాక్ష్యం దొరికితే అంకమ్మరావు ఉద్యోగం ఒక్కటే కాదు, పేరు కూడా పోతుంది. పెట్రోలు దొంగ అని ఒకసారి ముద్ర పడిన డ్రైవరుకి ఈ ఊళ్లో మళ్లీ ఎవరూ తాళం ఇవ్వరు.

"నేను చెయ్యలేదు మేస్త్రి గారూ. కారు ఇంటికొచ్చిన రోజే అయ్యగారికి చెప్పాను. మూత లోపల తొంభై అయిదని కాయితం అంటించుంది, దీనికి వేరే పెట్రోలు కావాలంటండీ అని. ఇంట్లో అన్ని బళ్లకీ ఏది పోస్తే దీనికీ అదే పొయ్యమన్నారు" అన్నాడు అంకమ్మరావు.

"నోరుముయ్యరా. నిన్నడిగానా?" అన్నాడు పూర్ణచంద్రరావు, వయసులో తనకంటే పెద్దవాణ్ణి పట్టుకుని. చిటికె కూడా వేశాడు. ఆ చిటికె గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేనేం చేశానని అడక్కండి. స్కూటరు పక్కన నిలబడి చూశాను.

మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి దాని మొన ఇంజను మీద, పిడి తన చెవి మీద ఆనించి, ఏసుపాదాన్ని యాక్సిలరేటరు తొక్కమన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత ఇంజను పక్కన పెట్రోలు పైపు వదులు చేసి చిన్న గాజు సీసాలోకి కాస్త పట్టాడు. అందులోంచి నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని ఊదాడు. చుక్కలు ఎగిరిపోయాయి. జిడ్డు మిగల్లేదు. ఆ అరచేతిని పూర్ణచంద్రరావు ముందు పెట్టి, "కిరసనాయిలుంటే చెయ్యి జిడ్డవుద్ది. వాసన కూడా పోదు. చూడండయ్యా" అన్నాడు. ఆయన చూడలేదు. నల్లబడిన ఆ చేతికి ముఖం దగ్గరగా పెట్టాలంటే అసహ్యం వేసిందో ఏమో, రెండడుగులు వెనక్కి వేశాడు.

"పోనీ, ఒక చిన్న పని చెయ్యండి. పెట్రోలు పోసే మూత మీ చేత్తో తియ్యండి. లోపలేం రాసుందో మీరే చదవండి. మీరు చదివిందే నేను చెప్పే సాక్ష్యం" అన్నాడు మేస్త్రి.

పూర్ణచంద్రరావు కారుకి ఎడమ పక్కకి వెళ్లాడు. అక్కడ మూత లేదు. తడిమి చూశాడు, నున్నటి రేకు తప్ప ఏమీ తగల్లేదు. "అటు కాదయ్యా, ఇటు" అన్నాడు మేస్త్రి మెల్లగా. రెండేళ్లుగా ఎక్కి తిరుగుతున్న తన కారుకి పెట్రోలు ఏ పక్క పోస్తారో తెలియని మనిషి చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చాడు. ముఖంలో ఇందాకటి బిగువు లేదు. ఒక్కసారి అంకమ్మరావు వైపు చూశాడు, ఏదో పాత మాట గుర్తొస్తున్నట్టు. మూత మీద చెయ్యి వేశాడు. అంకమ్మరావు ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.

సరిగ్గా అప్పుడు ఏసుపాదం పేలాడు. "ఇంకేం చదువుతారండీ! కిరసనాయిలూ లేదు, గాడిదగుడ్డూ లేదు. కోటి రూపాయల కారు కొని దానికి చవక పెట్రోలు పొయ్యమంది మీరు, దొంగతనం ఆయన మీదా? పెద్ద మనిషిని పట్టుకుని రా అంటారా? సిగ్గుందా మీకు?" చేతిలో స్పానరుంది. ముఖం ఎర్రగా కందిపోయింది. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. నా మనసులో ఉన్న మాటలే అవి, నాకు హాయిగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

పూర్ణచంద్రరావు మూత మీద నుంచి చెయ్యి తీసేశాడు. పోయిన బిగువు క్షణంలో తిరిగొచ్చింది. "ఓహో. ముందే అందరూ మాట్లాడుకున్నారన్నమాట" అన్నాడు. అంకమ్మరావు వైపు తిరిగి చెయ్యి చాపాడు. "తాళం ఇవ్వు. నీ కథలన్నీ వీళ్లకి చెప్పి, నన్నిక్కడికి తీసుకొచ్చి, వీళ్లచేత తిట్టిస్తావా? ఇప్పటిదాకా అనుమానమే ఉంది. ఇప్పుడు రూఢి అయిపోయింది. రేపటినుంచి రావద్దు. ఎవరడిగినా ఎందుకు తీసేశానో నేనే చెప్తా."

"అయ్యా, మూత తీసి చూడండి. ఒక్కసారి" అన్నాడు మేస్త్రి. వినిపించుకోలేదు. అంకమ్మరావు తాళం ఇచ్చాడు. పూర్ణచంద్రరావు తనే నడుపుకుంటూ వెళ్లిపోయాడు. షెడ్డుకి ఎదురుగా ఉన్న ఫ్లైఓవరు ఎక్కుతున్నప్పుడు ఆ ఇంజను టకటక మాకు స్పష్టంగా వినబడింది. దిగిపోయేదాకా వింటూ నిలబడ్డాం.

అంకమ్మరావు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. మాకెవరికీ కాకుండా ఏసుపాదానికి చెప్పాడు: "నా కోసమే అరిచావు తమ్ముడూ, కాదనను. కానీ ఆయన చెయ్యి మూత మీదుంది. నేను చూస్తానే ఉన్నా." అని, బస్‌స్టాపు ఎటని అడిగాడు. పదకొండేళ్లలో ఊళ్లో బస్సెక్కలేదేమో. నేను స్కూటరు మీద దింపుతానంటే వద్దన్నాడు. తెల్ల చొక్కా మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ఏసుపాదం స్పానరు నేలకేసి కొట్టాడు. "నేనన్న దాంట్లో అబద్ధం ఏముంది గురువుగారూ? ఒక్కటి చెప్పండి. అంత జరుగుతుంటే మీకు కోపం రాలేదా? మెత్తగా అయ్యా అయ్యా అంటా తిరిగారు!"  వాడి కళ్లలో నీళ్లున్నాయి.

మేస్త్రి ఇందాకటి గాజు సీసా ఇంకా పట్టుకునే ఉన్నాడు. అప్పుడు చూశాను. సీసాలో పెట్రోలు నిలకడగా లేదు. ఆ చెయ్యి మణికట్టు దగ్గర్నుంచి వణుకుతోంది. ముసలితనపు వణుకు కాదది, నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకున్నప్పుడు ఆ చెయ్యి రాయిలా ఉంది. ఏసుపాదం కూడా చూశాడు. ఇంకేదో అనబోయినవాడు వంగి కిందపడిన స్పానరు తీశాడు.

మేస్త్రి సీసాకి బిరడా బిగించి గూట్లో పెట్టాడు. గోడ వైపు తిరిగే అన్నాడు.

"కోపం తప్పని నేనెప్పుడన్నాను? మూత తెరుచుకోనియ్యాల్సింది, నాయనా."