ఓబులేసు తన పేరు చెప్పుకున్న బావి

అనగనగా ఒక ఊళ్ళో ఒక కోట, ఆ కోటలో ఒక చెరసాల. అందులో ఓబులేసు అనే బావులు తవ్వేవాడు మగ్గుతున్నాడు. ఏం తప్పు చేశాడంటావా, బుజ్జీ? ‘మీ తోటలో ఎంత తవ్వినా నీళ్ళు పడవు దొరా’ అని రాజు మొహం మీదే నిజం చెప్పాడు. అంతే, రాజుకు కోపం నషాళానికంటింది.

బావులు తవ్వేవాణ్ణి నాలుగు గోడలు ఆపుతాయా, పిచ్చిదానా? విరిగిన చిప్పతో మూడు నెలలు నేల తవ్వి, ఆ కన్నంలోంచి బయటపడ్డాడు.

అప్పుడు పేరు మార్చుకున్నాడు. ఎవరడిగినా వీరన్న అనేవాడు. పట్టుబడకుండా ఉంటే చాలు, అదే సుఖం అనుకున్నాడు.

మొదట ఒక ఉప్పు వర్తకుడి దగ్గర ఎద్దులు తోలాడు. కడుపు నిండేది గానీ, గుర్రం డెక్కల చప్పుడు వినిపిస్తే ముద్ద గొంతు దిగేది కాదు. ఆ తర్వాత దొంగల బారి నుంచి ఒక జమీందారుని కాపాడితే, ఆయన మిద్దె ఇచ్చాడు, పట్టు తలపాగా చుట్టాడు. ‘వీరన్నగారూ’ అని జనం దండాలు పెడుతుంటే, ఇంకెవరికో పెడుతున్నట్టు ఉండేది వాడికి. ఏం లాభం చెప్పు? పరుపు మీద పడుకున్నా కంటికి కునుకు రాలేదు.

ఒకరోజు మిద్దె వదిలేసి, పలుగూ పారా భుజాన వేసుకుని నడిచాడు. నడిచి నడిచి నీళ్ళు లేక అల్లాడుతున్న ఒక పల్లె చేరాడు. గురువమ్మ అనే ముసలమ్మ, దాహానికి ఇవ్వడానికి చుక్క నీళ్ళు లేవు నాయనా అని ఏడ్చింది. వాడు అక్కడే పార దించాడు. మొదటి చోట బండ పడింది. రెండో చోట ఉప్పునీళ్ళు పడ్డాయి. మూడో చోట, బుజ్జీ, కొబ్బరినీళ్ళలాంటి తియ్యటి నీళ్ళు ఉబికాయి.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. తవ్వినవాడు బావిలో నిలబడి తన పేరు గట్టిగా చెప్పాలి. చెప్పేదాకా ఎవరూ కడవ ముంచకూడదు. ఇక ఆ తొలికడవ నీళ్ళు తాగినవాళ్ళంతా వాడికి తోబుట్టువులే.

సరిగ్గా అప్పుడే ముగ్గురు రాజభటులు వాణ్ణి వెతుక్కుంటూ వచ్చి, బావి గట్టున నిలబడ్డారు. ఓబులేసు తలెత్తి చూశాడు. వాళ్ళకు వాడి పేరే తెలుసు, మొహం తెలీదు. వీరన్న అంటే బతికిపోతాడు. కానీ ఆ నీళ్ళు వాడి రెక్కల కష్టం కదా, లోకంలో లేని మనిషి పేరు ఎట్లా పెడతాడు?

ఛాతీ విరుచుకుని, “నేను ఓబులేసుని. ఈ బావి నేను తవ్వాను” అన్నాడు.

బావి కూడా ఓబులేసూ, ఓబులేసూ, ఓబులేసూ అని మూడుసార్లు పలికింది. అదమ్మా సుఖమంటే. వాడికి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

పాపం, ఎండలో తిరిగి తిరిగి భటులకు నాలుక పిడచగట్టుకుపోయింది. గురువమ్మ కడవ ముంచి దోసిట్లో పోస్తే, ముందూ వెనకా చూడకుండా గటగటా తాగేశారు. ఆ తర్వాత గానీ సంకెళ్ళు గుర్తుకు రాలేదు.

“తొలికడవ తాగారు నాయనా. ఇప్పుడు వాడు మీకు అన్న. అన్న చేతులకు సంకెళ్ళు వేస్తారా?” అంది గురువమ్మ.

వాళ్ళూ ఆ సీమలో పుట్టినవాళ్ళే, ఆ ఆచారం ఎరిగినవాళ్ళే. తలలు దించుకున్నారు. మరి రాజుగారికి ఏం చెప్పమంటావని పెద్దభటుడు అడిగాడు.

ఓబులేసు తాడు పట్టుకుని పైకొచ్చాడు. “ఓబులేసు కనిపించాడని చెప్పు. బావులు తవ్వుతున్నాడని చెప్పు” అన్నాడు.

వాళ్ళు అదే చెప్పారు. ఊరు ఊరంతా వాడికి తోబుట్టువులే అని విన్నాక, రాజు ఆ వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. ఓబులేసు ఇంకా ఎన్నో బావులు తవ్వాడు. ప్రతిదాంట్లోనూ నిలబడి, తన పేరు తనే గట్టిగా చెప్పుకున్నాడు.

కథేమో కంచికి,
బుజ్జమ్మేమో మంచానికి.