జగ్గడి దొంగబొట్టు

అనగనగా, గొర్రె మాట కాపరికీ కాపరి మాట గొర్రెకూ తెలిసే కాలంలో, ఒక కొండవాగు ఒడ్డున బీరన్న అనే కాపరికి నూరు గొర్రెల మంద ఉండేది. మందకు ముందు నడిచేవాడు జగ్గడనే పొట్టేలు. వంకీలు తిరిగిన కొమ్ములు, మెడలో గంట. తనను మించినవాడు ఆ చుట్టుపట్ల పుట్టలేదని వాడి నమ్మకం.

ఏటేటా తొలకరికి ముందు రాజుగారి పశువైద్యుడు వచ్చి, పారుడు రోగం రాకుండా మందలన్నిటికీ సూదిమందు వేసేవాడు. వేసిన గొర్రె నుదుట ఎర్రని జాజుబొట్టు పెట్టేవాడు. నాలుగు నెలలు నిండని పిల్లలకు మాత్రం వేసేవాడు కాడు. ఆ మందుకు అవి ఇంకా పసివి.

మందలో పెద్దది చుక్కమ్మ. "ఒరే జగ్గా, ఆ రోగాన్ని కళ్లారా చూసినదాన్ని. ముందు కన్ను కారుతుంది. మర్నాడు ముక్కు కారుతుంది. ఆ మర్నాడు నోరంతా పూసి మేత ముట్టనివ్వదు. మా అమ్మ మందలో తొంభైకి పదకొండే మిగిలాయి" అని చెప్పేది.

జగ్గడు నవ్వేసేవాడు. నవ్వితే నవ్వాడు గానీ, సూదంటే వాడికి చచ్చేంత భయం. పైన పటారం, లోన లొటారం!

మొదటి ఏడు వైద్యుడు వచ్చేసరికి గడ్డివామి వెనక నక్కాడు. బీరన్న వెతికి వేసారి "రేపు చూద్దాంలే" అన్నాడు. రేపటికి వైద్యుడు పొరుగూళ్లో ఉన్నాడు.

రెండో ఏడు జగ్గడు కుంటుతూ వచ్చాడు. "పాపం, కాలు బాగయ్యాక వేయిద్దాం" అన్నాడు బీరన్న. వైద్యుడు అటు వెళ్లగానే కాలు ఇటు బాగయింది.

"చూశావా అత్తా! సూది లేకుండా రెండేళ్లు. రోగం నన్ను చూసి జడుసుకుంది" అన్నాడు జగ్గడు.

"నిన్ను చూసి కాదురా వెర్రివాడా! చుట్టూ మేమంతా సూది వేయించుకున్నవాళ్లం. నీదాకా రావడానికి దానికి దారి దొరకలేదు, అంతే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది నీ వరస" అంది చుక్కమ్మ.

ఈ సాధింపు పడలేక మూడో ఏడు జగ్గడు కొత్త ఎత్తు వేశాడు. అప్పుడే బొట్టు పెట్టించుకున్న గొర్రె నుదుటికి తన నుదురు రాసి, తడి జాజు అంటించుకుని దర్జాగా వచ్చి నిలబడ్డాడు. బీరన్న బొట్టు చూసి హమ్మయ్య అనుకున్నాడు.

కొన్నాళ్లకు బీరన్న వాణ్ణి దూరపు సంతకు తోలుకెళ్లాడు, కొమ్ముల పోటీకి. పరదేశపు పొట్టేలొకటి ముక్కు చీదుకుంటూ ఎదురొచ్చింది. నుదురూ నుదురూ ఢీకొన్నాయి. జగ్గడే గెలిచాడు.

తిరుగుదారి ఐదు రోజులు. నాలుగో రోజు జగ్గడి కన్ను కారింది. "దుమ్ము పడిందేమోలే" అన్నాడు బీరన్న. ఐదో రోజు ముక్కు కారింది. "పడిశం. సూది పడ్డవాడివి, నీకేం భయం?" అన్నాడు.

జగ్గడికి చుక్కమ్మ చెప్పిన వరస గుర్తొచ్చింది. తనది దొంగబొట్టని తెలిసినవాడు లోకంలో తనొక్కడే.

సాయంత్రానికి మంద చేరారు. బీరన్న దడి తలుపు తీశాడు. లోపల సూది పడని పసికూనలు పది. అందులో చుక్కమ్మ ఆఖరి కాన్పు పిల్ల, పాలమూతి, "మామ వచ్చాడు! మామ వచ్చాడు!" అంటూ గెంతుకుంటూ ఎదురొచ్చింది. రోజూ అది పడుకునేది జగ్గడి పొట్ట వెచ్చదనంలోనే.

చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఈ పిల్లలు పోతాయి.

జగ్గడు తల వంచి, పాలమూతిని కొమ్ముతో ఒక్క కుమ్ము కుమ్మి లోపలికి నెట్టాడు. పిల్ల బోర్లాపడి బావురుమంది. వాడు గబగబా వెనక్కి జరిగి అరిచాడు.

"తలుపు మూసెయ్ బీరన్నా! నన్ను రానీకు. నాకు ఏ ఏడూ సూది పడలేదు. ఇది దొంగబొట్టు. నాకు రోగం తగులుకుంది!"

బీరన్న చటుక్కున దడి తలుపు మూశాడు. తరవాత వాడి మెడలో గంట విప్పాడు. వాగు అవతల పాకలో వాణ్ణి ఒంటరిగా కట్టేశాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, కట్టుబట్టలు ఉడకేసి గానీ మందలో అడుగు పెట్టలేదు.

జగ్గడి నోరు పూసింది. ఇరవై రోజులు గంజినీళ్లే గతి అయ్యాయి. చివరికి చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాడు. రోగం మాత్రం వాగు దాటలేదు. పది పిల్లలకు పదీ దక్కాయి.

ఒళ్లు పూర్తిగా నయమై తిరిగొచ్చిన రోజు, పాలమూతి దూరంగానే నిలబడింది.

"మామా, ఆ రోజు నన్నెందుకు కుమ్మావు?"

"నా రోగం నీకు అంటకూడదని, కన్నా."

"మరి నువ్వు సూది వేయించుకుని ఉంటే, కుమ్మే పనే ఉండేది కాదుగా?"

కొమ్ములు తిరిగిన జగ్గడు ఆ ప్రశ్నకు సిగ్గుతో తల వంచుకున్నాడు.

అందుకే పెద్దలన్నారు: రోగానికి దారి మూయడం అందరి పని, ఒక్కడు తెరిచి ఉంచినా ముందు బలయ్యేది పసివాళ్లే.