పైడి తలలో గంపలు ఏరే ముసలమ్మ

మూలన ఎవరో నిలబడ్డారంటావా బుజ్జమ్మా? ఉండనీ. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు కాళ్ళు ఆడించడం ఆపి ఊఁ కొట్టు.

అనగనగా జీడితోటల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో దాలమ్మ అనే ఒకావిడ. ఆవిడకి తొమ్మిదేళ్ళ కూతురు, పేరు పైడి. పైడికి పుట్టుకతోనే రెండు కళ్ళ మీదా తెల్లటి పొర. వెలుగుందో లేదో తెలిసేది, అంతే.

చూపు లేకపోయినా పైడి వేళ్ళు మా చురుకు. దాలమ్మ జీడి ఫ్యాక్టరీ నుంచి పప్పు గంపతో ఇంటికి తెచ్చేది. పైడి తడిమి తడిమి నిండు గుండు ఒక పక్కకి, సగం బద్ద ఒక పక్కకి, చిన్న నూక ఒక పక్కకి ఏరేసేది. సాయంత్రం అమ్మ వస్తోందని అందరికంటే ముందు పైడికే తెలిసేది. దాలమ్మ ఎడం కాలు ఈడ్చి నడిచేది. టప్పు, సర్రు. టప్పు, సర్రు. ఆ చప్పుడు వీధి మలుపులో ఉండగానే పిల్ల అరుగు మీదికి వచ్చేసేది.

అప్పుడు ఊళ్ళోకి ఒక కళ్ళ డాక్టరమ్మ వచ్చింది. పైడిని పట్నం తీసుకెళ్ళింది. ఆపరేషన్ చేసి పొర తీసేసింది. ఆ తర్వాత కట్టు విప్పి కళ్ళద్దాలు పెట్టింది.

ఇక అన్నీ కనిపించేస్తాయి అనుకుంటున్నావు కదూ? దాలమ్మా అలాగే అనుకుంది.

పైడికి కనిపించింది రంగుల పోట్లాట. ఒకదాని మీద ఒకటి పడి తోసుకుంటున్నాయి. ఏది ఎక్కడ మొదలవుతోందో, ఎక్కడ అయిపోతోందో తెలీదు. ఇంటికొస్తూ స్తంభం నీడని చూసి గొయ్యి అనుకుని ఎగిరి దూకింది. ఆ తర్వాత దూరాన కొబ్బరిచెట్టు మీద కాకిని చూసి, చీమంతే ఉంది కదా అని గుప్పిట్లో పట్టబోయింది.

మూడోదే అసలు కష్టం. మేనత్త అప్పలనర్సమ్మకి వేళాకోళం ఎక్కువ. తను, పక్కింటావిడ, దాలమ్మ, ముగ్గురూ అరుగు మీద వరసగా కూర్చున్నారు. ఎవరూ నోరు విప్పకూడదంది, పిల్ల చేత్తో తాకకూడదంది.

"మీ అమ్మెవరే, వెళ్ళి ఒళ్ళో కూర్చో."

పైడి చాలాసేపు చూసింది. మూడు మరకలు. వెళ్ళి పక్కింటావిడ ఒళ్ళో కూర్చుంది.

అందరూ నవ్వారు. దాలమ్మా నవ్వింది. కానీ ఆ పూట అమ్మ కంచం చప్పుడు కాలేదని పైడి చెవులకి తెలిసిపోయింది.

అంతే, పైడి కళ్ళకి తువ్వాలు కట్టేసుకుంది. విప్పమంటే ఏడుపు. అప్పుడు డాక్టరమ్మకి కబురు వెళ్ళింది. ఆవిడ వచ్చి, ఇలాగే మూసి ఉంచితే వచ్చిన చూపు అక్కరకి రాకుండా పోతుందని చెప్పింది. పొర పోయాక కూడా ఎందుకు కనిపించదని దాలమ్మ అడిగింది.

డాక్టరమ్మ జీడిపప్పు గంప దగ్గరికి లాక్కుంది. తలలో ఒక చీకటి గది ఉంటుందనుకోమంది. అందులో ఒక ముసలమ్మ. పుట్టి బుద్ధెరిగి బయటికి రాలేదు. చెవులు ఒక గంప తెచ్చి పడేస్తాయి, వేళ్ళు ఒక గంప పడేస్తాయి. అంతా కలగాపులగం. ఇది వాన, ఇది చెంబు, ఇది అమ్మ అని ఏరి పేరు పెట్టేది ఆవిడే. కళ్ళ గంప ఆవిడకి కొత్త. ఏది గుండో, ఏది నూకో తెలీదు. పైగా కళ్ళు ఆగకుండా తెచ్చి పోస్తూనే ఉన్నాయి.

"మరి ఆవిడకి ఎవరు నేర్పుతారు?" అంది పైడి.

"పాత గంపలే నేర్పుతాయి తల్లీ."

మొదటిరోజు పైడి కళ్ళు మూసుకుని జీడిగుండు తడిమింది, తెరిచి చూసింది. రెండోరోజు చెంబు. మూడోరోజు పొద్దున్నే అమ్మ మొహం. గడ్డం మీది సొట్ట వేళ్ళకి దొరికింది. కళ్ళు తెరిస్తే మరక మెల్లగా మొహంలా కుదురుకోబోయింది. అది చూసి దాలమ్మ నవ్వింది. నవ్వగానే మొహమంతా చెదిరిపోయింది. పైడికి ఒళ్ళు మండి తువ్వాలు అందుకుంది. దాలమ్మ పనికి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా పైడికి ఒక చోట కుదురు లేదు. లేచింది, కూర్చుంది, తువ్వాలు కట్టింది, విప్పింది. సాయంత్రం ఫ్యాక్టరీ వదిలారు. దూరాన రోడ్డు మీద ఇరవై మరకలు. అడుగుల చప్పుడు వినపడేంత దగ్గర లేరు. అన్ని మరకలూ సాఫీగా జారుతున్నాయి. ఒక్కటి మాత్రం పైకి లేస్తోంది, పక్కకి ఒరుగుతోంది. లేస్తోంది, ఒరుగుతోంది.

పైడి వేళ్ళు వాటంతట అవే అరుగు మీద కొట్టాయి. టప్పు, సర్రు. టప్పు, సర్రు.

తలలో ముసలమ్మ చెవుల గంపలోంచి ఒకటి తీసింది, కళ్ళ గంపలోంచి ఒకటి తీసింది. పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే.

పైడి పరుగెత్తింది. దారిలో స్తంభం నీడ అడ్డమొచ్చింది. అది ఇంకా గొయ్యిలాగే ఉంది. అయినా ఆగలేదు, దూకేసింది. ఇరవై మందిలోకి దూరి ఒక్కావిడ నడుం వాటేసుకుంది. ఈసారి ఒళ్ళు తప్పలేదే అని గుంపులోంచి అప్పలనర్సమ్మ గొంతు వినపడింది. టప్పు, సర్రు కళ్ళకే కనిపించిందంది పైడి.

"నా కాలు ఇన్నాళ్ళకి పనికొచ్చిందే" అంది దాలమ్మ.

ఆ పూట దాలమ్మ కంచం చప్పుడైంది. రెండుసార్లు వడ్డించుకుంది.

ఇక నీ సంగతి. మూలన మనిషి ఇంకా ఉన్నాడా? నేను చెబితే నీ ముసలమ్మ నమ్మదు. లే, వెళ్ళి తాకి రా. ఏమైంది? తాతయ్య చొక్కానా? సరే, రా, పడుకో.

కథ కంచి బాట పట్టేసింది,
కన్ను తన కొట్టు కట్టేసింది,
తలలో ముసలమ్మ నిద్దరపోక
ఇంకో గంప ఏరడం మొదలెట్టేసింది.