మస్తానమ్మ టార్చిలైటు

అనగా అనగా ఒక పలకరాయి గని. ఎప్పటిదని అడగొద్దు. పిల్లలు ఇంకా పలకల మీదే అక్షరాలు దిద్దుతున్నారు, ఎల్ఈడీ అనే తెల్ల బల్బు టార్చిలైట్లు అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తున్నాయి. నాకు చెప్పినవాళ్ళకు కూడా అంతకు మించి తెలియదు.

ఆ గని కొండ కడుపులోకి పోతుంది. పట్టపగలు కూడా లోపల కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడదు. అడుగున పాత గుంటలు, గుంటల నిండా నీళ్ళు. లైటు ఆరితే మనిషి ఉన్నచోటే ఆగిపోవాలి, లేదంటే గుంటలో పడాలి. మస్తానమ్మ మొగుడు అలాగే పడ్డాడు. లైటు ఆరింది, రెండడుగులు వేశాడు, అంతే.

ఆమె చాలా రోజులు గడప దాటలేదు. తర్వాత అలాంటి టార్చిలైటే ఒకటి విప్పి ముందు పెట్టుకుని కూర్చుంది. ఎందుకు ఆరిందో తెలుసుకోవాలని పంతం. రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తిరిగి తిరిగి, అడిగి అడిగి తెలుసుకుంది. బల్బు కింద పుట్టిన వేడి టార్చి ఒంట్లోకి దిగాలి. బల్బుకూ కింది బిళ్ళకూ మధ్య కంటికి ఆనని సందు ఉంటే వేడి దిగదు. బల్బు తన వేడికి తానే మాడిపోతుంది. ఆ సందు పూడ్చడానికి ట్యూబులో వచ్చే తెల్ల పేస్టు ఒకటుంది.

అప్పటినుంచి గనిలోకి పోయే ప్రతి టార్చిలైటూ ముందు ఆమె చేతికి వచ్చేది. విప్పేది, తుడిచేది, ఆవగింజంత పేస్టు పెట్టి వేలితో పల్చగా పరిచేది.

"ఇంకాస్త రాయత్తా" అనేవాళ్ళు.

"ఆవగింజంత చాలు. ఎక్కువైతే అదే అడ్డం పడిద్ది" అనేది.

ఆమెకు ఒక్కడే కొడుకు, రసూలు. "నువ్వు ఆ గనిలోకి వద్దురా" అని ఏడ్చింది. కానీ తిండికి వేరే దారేముంది? వాడూ పలకరాయి కొట్టడానికే పోయాడు.

పేస్టు రాసిన టార్చి కాసేపటికి వేడెక్కుతుంది. గుడ్డతో నుదుటికి కట్టుకుంటే చుర్రుమంటుంది. ఒకరోజు రసూలూ, వాడి తోటివాళ్ళిద్దరూ గని వాకిట్లో కూర్చుని మూడు టార్చిలూ విప్పారు. పేస్టంతా గుడ్డతో తుడిచేశారు. మళ్ళీ బిగించి వెలిగించారు. చల్లగా ఉన్నాయి.

"అంతా మీ అమ్మ చాదస్తంరా" అని నవ్వుకుంటూ లోపలికి పోయారు.

ఇక్కడికి వచ్చినప్పుడల్లా వాళ్ళను తిట్టాలనిపిస్తుంది నాకు. కానీ ఏ వస్తువైనా చల్లగా ఉంటే బాగున్నట్టే అనుకుంటాం కదా. వేడి బల్బు దగ్గరే చిక్కుకుందని తెలియక వాళ్ళూ అదే అనుకున్నారు.

లోపల మొదటి టార్చి మసకబారి ఆరింది. రెండోది ఆరింది. మూడోది ఆరింది.

అన్నాల వేళకు ముగ్గురూ బయటికి రాలేదు. కొడుక్కి సద్ది తెచ్చిన మస్తానమ్మకు వాకిట్లో తెల్ల మరకల గుడ్డ కనబడింది. పేస్టు తుడిచేశారని తెలిసిపోయింది. తన టార్చిలైటు వెలిగించి, వేడెక్కేదాకా అరచేతిలో పట్టుకుని నిలబడింది.

"వారం నుంచి వాన. పైరాయి నాని, ఇందాకటినుంచి పెళ్ళలు రాలుతోంది. మేమే దిగటంలా, ఆగమ్మా" అన్నాడు మేస్త్రీ.

"నా బిడ్డ లోపలున్నాడయ్యా" అని దిగింది.

మొదటివాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చింది. మళ్ళీ దిగింది. రెండోవాణ్ణి తెచ్చింది. మళ్ళీ దిగింది. రసూలు అందరికన్నా లోపల, గుంట అంచున, రాతిని కరుచుకుని ఉన్నాడు.

"అమ్మా, పేస్టు నేనే తుడిచా."

"తెలుసులే. నా ముందు నడువు. నీ కాళ్ళ ముందుకి వెలుగు వేస్తా."

వాడు ముందు, ఆమె వెనక. వాకిలి ఇంక పదడుగులుందనగా పైరాయి కూలింది. రసూలు ఇవతల పడ్డాడు. ఆమె అవతల ఉండిపోయింది. రాళ్ళ మధ్య ఒక చెయ్యి పట్టేంత సందు మిగిలింది. అందులోంచి వెలుగు వస్తోంది.

గడ్డపారలు తెచ్చారు. ఒక రాయి తీస్తే రెండు జారాయి.

"అమ్మా, ఉన్నావా?" అని పిలిచాడు రసూలు.

"ఉన్నా."

కాసేపాగి మళ్ళీ పిలిచాడు. "అమ్మా, ఉన్నావా?"

"ఉన్నా. లైటు బాగానే ఉందిరా."

మూడోసారి పిలిస్తే పలకలేదు. రసూలు సందులోకి చెయ్యి పెట్టాడు. వేళ్ళకు టార్చిలైటు తగిలింది. వెచ్చగా ఉంది, వెలుగుతూనే ఉంది. దాన్ని పట్టుకున్న వేళ్ళు మాత్రం చల్లబడిపోయాయి.

ఆ కొండల్లో ఇప్పటికీ గనిలోకి దిగేముందు అందరూ టార్చి వెలిగించి అరచేతిలో పట్టుకుని నిలబడతారు. వాళ్ళలో పెద్దవాడు అడుగుతాడు.

"మస్తానమ్మ ఉందా?"

చేతికి వేడి తగిలితే "ఉంది" అంటారు, దిగుతారు. చల్లగానే ఉంటే "లేదు" అని ఎవరూ అనరు. ఆ మాట నోట రానివ్వరు. ఆ పూట పస్తున్నా సరేనని తల వంచుకుని ఇంటికి పోతారు.